పన్నెండు తర్వాత మళ్ళీ ఒకటి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పుట్టి పెరిగింది ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా మీడియం, ఇప్పుడు కాశీనగరం దాటాక ఒక ప్రైమరీ స్కూల్లో కొత్తగా పోస్టింగ్ వచ్చింది అని రాశారు. క్లాసులో సగంమంది తెలుగు పిల్లలు, ఆరేడుగురు సవర పిల్లలు (కొండల్లో ఉండే గిరిజనులు, వాళ్ళ భాషా సవరే), మిగతావాళ్ళు ఒడియా ఇళ్ళవాళ్ళు, పుస్తకాలన్నీ ఒడియాలో. ట్రైనింగ్ పుస్తకంలో మంచి ఉపాధ్యాయుడి గుణాలు ఇరవై రెండు ఇచ్చారు, వాటిలో నిజంగా పనికొచ్చేది ఏది, అది నాలో ఉందో లేదో నాకెలా తెలుస్తుంది అని అడిగారు. చివర్లో "సవర కూడా నేర్చుకోవాలా మాస్టారూ?" అని ఒక చిన్న ప్రశ్న తగిలించారు. అది చిన్నదేం కాదు. ఆఖర్న దాని దగ్గరికే వస్తాను.

నేను 1985లో ఉద్యోగంలో చేరాను, 2018లో రిటైరయ్యాను. చేరేనాటికి గజపతి జిల్లా అనేదే లేదు, మాదంతా గంజాం జిల్లా. 1992 అక్టోబరు 2న విడదీశారు. మొదటి నాలుగేళ్ళు గుమ్మ వైపు కొండమీద ఒక చిన్న బడిలో, తర్వాత చాలాకాలం కాశీనగరం వైపు, చివరి పదేళ్ళు ఊరికి దగ్గర్లో పనిచేశాను. గొప్ప టీచర్లని ముగ్గురినో నలుగురినో దగ్గరగా చూశాను. నేను వాళ్ళలో ఒకణ్ణి కాదు. కాని వాళ్ళు ఏం చేస్తున్నారో గమనించే తీరిక మాత్రం నాకు దొరికింది.

ట్రైనింగ్ పుస్తకంలోని ఇరవై రెండు గుణాలనీ నేను కాదనను. ఓర్పు, సబ్జెక్టు మీద పట్టు, సమయపాలన, స్పష్టమైన కంఠం, సమభావం, అన్నీ ఉండాల్సినవే. కాని అవి పెళ్ళిచూపుల్లో చెప్పే గుణాల్లాంటివి. ఎవరూ కాదనరు, విన్నాక ఎవరికీ కొత్తగా తెలిసిందీ ఉండదు. ఓర్పు ఉండాలి సరే, ఆ ఓర్పుతో ఏం చేయాలి? చాలామంది ఓర్పుగల మాస్టర్లు అదే తప్పు జవాబుని పదిసార్లు ఓర్పుగా కొట్టేసి, అదే సరైన జవాబుని పదిసార్లు ఓర్పుగా బోర్డు మీద రాస్తారు. పదకొండోసారి కూడా పిల్లాడు అదే తప్పు రాస్తాడు.

నాకు తెలిసిన గొప్ప టీచర్లందరిలోనూ నేను చూసింది ఒకటే. పిల్లలు తప్పు చెప్పినప్పుడు వాళ్ళకి కోపం రాదు, జాలీ కలగదు, ఆసక్తి పుడుతుంది. ఈ తప్పు ఎక్కడినుంచి వచ్చింది అని ఆరా తీస్తారు. పోలీసు ఆరా కాదండోయ్, ఇంటికొచ్చిన చుట్టాన్ని "ఏ దారిన వచ్చావు బాబూ?" అని అడిగే ఆరా. తప్పు జవాబు కూడా ఏదో ఒక దారిన నడిచే వచ్చి ఉంటుంది. ఆ దారి తెలిస్తే దాన్ని ఎక్కడ మళ్ళించాలో తెలుస్తుంది.

ఇది మాటల్లో చెబితే తేలిగ్గా ఉంటుంది. మన పిల్లల దగ్గర్నుంచే ఒకటి చెబుతాను.

కాశీనగరంలో ఉన్నప్పుడు పర్లాకిమిడి నుంచి రోజూ చిన్న రైల్లో వెళ్ళేవాణ్ణి. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే లైను, అప్పట్లో నేరో గేజ్. అది ఎంత నెమ్మదంటే పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. (2004లో ఆ బండి ఆపేసి బ్రాడ్ గేజ్ వేశారు. వేగం పెరిగింది, నోటుపుస్తకాలు దిద్దే టైం పోయింది.) ఒకరోజు మూడో తరగతి పిల్లలకి అంకెల డిక్టేషన్ ఇచ్చాను. "అణతిరిశి" అన్నాను, అంటే ఇరవై తొమ్మిది. తిరుగు రైల్లో పుస్తకాలు చూస్తే తెలుగు ఇళ్ళ పిల్లలు అయిదుగురు 31 అని రాశారు. ఒడియా ఇళ్ళ పిల్లల్లో ఒక్కరూ అలా రాయలేదు. పక్కన కూర్చున్న తోటి మాస్టారు చూసి, "మనవాళ్ళకి శ్రద్ధ లేదండీ" అని తేల్చేశారు. శ్రద్ధ లేకపోతే ఒకడు 92 రాయాలి, ఒకడు 20 రాయాలి, ఒకడు ఖాళీ వదిలేయాలి. అయిదుగురూ 31 దగ్గరే ఎలా కలుసుకున్నారు?

మర్నాడు వాళ్ళలో ఒకణ్ణి పిలిచి, "నిన్న ఇది ఎలా రాశావు, చెప్పు" అన్నాను. వాడు భయపడలేదు. "తిరిశి అన్నారు కద సార్. అంటే ముప్పై. ముందు ఇంకేదో అన్నారు. అందుకని ఒకటి కలిపీసాను" అన్నాడు.

చూశారా? వాడు ఆలోచించాడు. తెలుగులో ముప్పై అనే మాట వినబడిందంటే ముప్పై చేరినట్టో దాటినట్టో లెక్క. ఇరవై తొమ్మిదిలో ఇరవై ఉంది, తొమ్మిది ఉంది, రెండూ కలిపితే సరిపోతుంది. ఒడియాలో అలా కాదు. తొమ్మిదితో అంతమయ్యే సంఖ్యల్ని చాలావరకు వచ్చే పదికి ఒకటి తక్కువ అన్నట్టు పలుకుతారు. అణతిరిశి ఇరవై తొమ్మిది, అణచాళిశి ముప్పై తొమ్మిది. హిందీలో ఉంతీస్, ఉంతాలీస్ కూడా ఇదే పద్ధతి. మన పిల్లాడు ఇంటి లెక్కని బడి లెక్క మీద పెట్టాడు. వాడి తెలివి పనిచేసింది కాబట్టే తప్పు వచ్చింది.

కారణం దొరికాక మందు వెతుక్కోవడం ఎంతసేపు? "పొద్దున్న తొమ్మిదీ ముప్పావు అయితే మీ అమ్మ టైం ఎంతంటుందిరా?" అని అడిగాను. "పావు తక్కువ పది" అన్నాడు. "అందులో పది ఉంది కదా, మరి పది అయిపోయిందా?" "ఇంకా అవలేదు సార్." "మరి అణతిరిశిలో తిరిశి ఉంది..." నన్ను పూర్తి చేయనివ్వలేదు. "ఒకటి తక్కువ ముప్పై!" అని అరిచాడు. ఆ తర్వాత ఆ క్లాసులో 31 రాసినవాడు లేడు. సంవత్సరం పొడుగునా ఆ అయిదుగురి చేత 29 ని యాభైసార్లు ఇంపోజిషన్ రాయించి ఉంటే 29 వచ్చేది, 39 మళ్ళీ 41 అయ్యేది.

ఇలాంటివి మన సరిహద్దు బళ్ళలో కుప్పలుగా దొరుకుతాయి. మీరు కూడా ఇలాగే చదువుకున్నారు కాబట్టి గుర్తుకొస్తాయి. య ర ల వ వరసలో మనం య అని చదివే అక్షరాన్ని ఒడియాలో మాట మొదట్లో జ అంటారు. మన పిల్లాడు "యది" అని చదివితే టీచర్ "జది" అని కొట్టినంత పని చేస్తాడు. మనం విద్యాలయం అంటాం, అక్కడ బిద్యాళయ. తిరగేసి చూడండి, ఒడియాలో మొదట చదవడం నేర్చుకుని తర్వాత ఇంటి దగ్గర తెలుగు నేర్చుకున్న పిల్లలకి ఎ, ఏ తేడా దక్కదు, ఒడియాలో ఆ హ్రస్వం దీర్ఘం రెండు విడివిడిగా లేవు. మా పక్కింటి అమ్మాయి పలాసలో ఉన్న వాళ్ళ మామ్మకి ఉత్తరం రాస్తూ "వేసవిలో అందరం మెడ మీద పడుకుంటున్నాం" అని రాసింది. మామ్మ ఆ ఉత్తరం ఊరంతా చూపించి నవ్వించింది. అది తెలివితక్కువతనం కాదు, ఆ పిల్ల చెవికి ఒక గది తక్కువ కట్టారు, అంతే.

భాష సంగతే కాదు, లెక్కల్లోనూ అంతే. 52 లోంచి 38 తీసేయమంటే 26 రాసే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అయిదులోంచి మూడు తీస్తే రెండు, ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్నది వాళ్ళ సొంత రూలు. ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, ఆ రూలుతోనే 58 లోంచి 32 తీసేయమంటే కూడా 26 వస్తుంది, అది సరైన జవాబు. టిక్ పెట్టేస్తాం. ఆ టిక్కు వాడి రూలుకి మనం వేసిన ముద్ర. మీరు ఇచ్చే లెక్కలన్నీ 58 లోంచి 32 లాంటివే అయితే ఏడాదంతా వాడికి నూటికి నూరు వస్తాయి. ఆ పై ఏడాది వచ్చిన టీచర్ "నిరుడు ఏం చెప్పారో ఏమో" అని మిమ్మల్ని తిట్టుకుంటాడు. అందుకే సరైన జవాబుని కూడా అప్పుడప్పుడు "ఎలా చేశావు?" అని అడగాలి. ఇంకో లాభం కూడా ఉంది. తప్పు చేసినప్పుడే "ఎలా చేశావు" అంటే ఆ మాట వినగానే పిల్లలు జవాబు తుడిచేసుకుంటారు. అడిగినంత మాత్రాన తప్పు అని కాదని వాళ్ళకి తెలిశాకే నిజం చెబుతారు.

ఇంత చెబుతున్నాను కదా, నేను మొదట్నుంచీ ఇలా ఉన్నానని అనుకోకండి. ఇప్పుడు చెప్పేది నా తప్పు.

కొండమీద బడిలో నాకు రెండో ఏడు. ఒకే గది, అయిదు తరగతులు, నేనొక్కణ్ణే. సవర పిల్లలే ఎక్కువ. నాకు సవరలో ఒకటి నుంచి పది దాకా అంకెలు, నీళ్ళు, అన్నం, కూర్చో, లే, ఇంతే వచ్చు. అంతకే నాకు సవర వచ్చేసిందని ధీమా. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లాడు ఒకడుండేవాడు. చింతగింజలు ఇచ్చి లెక్కపెట్టమంటే వాళ్ళ భాషలో గొణుక్కుంటూ లెక్కపెట్టేవాడు. పన్నెండు దాకా బాగానే వెళ్ళేవాడు. ఆ తర్వాత నాకు తెలిసిన "ఒకటి" మాట మళ్ళీ వినిపించేది, తర్వాత "రెండు". మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు అనుకుని గింజలన్నీ కలిపేసి, "మొదట్నుంచి చెయ్యి" అనేవాణ్ణి. వాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు. పన్నెండు తర్వాత మళ్ళీ ఒకటి. మళ్ళీ కలిపేసేవాణ్ణి. ఒకరోజు అలా అయిదుసార్లు చేయించాను. చివరిసారి వీపు మీద ఒకటి వేశాను కూడా. మిగతా పిల్లలు నవ్వలేదు, నా వంక అదోలా చూశారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. వాడు వారం రోజులు వచ్చాడు, తర్వాత రావడం మానేశాడు. రిజిస్టర్లో పేరు పక్కన కారణం రాసే చోట "ఆసక్తి లేదు" అని రాశాను. నా చేతిరాతే.

పదేళ్ళు గడిచాయి. నేను కిందికి వచ్చేశాను. ఒక వేసవిలో సంతలో అనాసపండ్లు కొంటున్నాను. కొండమీంచి బుట్టతో దిగిన ఒక ముసలామె పండ్లు లెక్కపెట్టి షావుకారుకి ఇస్తోంది. పన్నెండు దాకా లెక్కపెట్టింది, తర్వాత నాకు తెలిసిన ఆ "ఒకటి" వినిపించింది. షావుకారు తెలుగువాడు, చిన్నప్పట్నుంచీ సవరవాళ్ళతో బేరాలు చేసినవాడు. ఆమె ఏమాత్రం తడబడటం లేదు, అతనూ కంగారు పడటం లేదు. నేనే అడిగాను, "మామ్మ లెక్క తప్పిందేమో చూసుకోండి" అని. ఆయన నవ్వాడు. "లేదు మాస్టారూ, వాళ్ళ లెక్క అంతే. పన్నెండు దాకా వేరు వేరు పేర్లు. ఆ పైన పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు, అలా పన్నెండూ ఏడు దాకా. తర్వాత ఇరవై. ఆపైన ఇరవైల్లో లెక్క" అన్నాడు. మనం పదీ ఒకటి, పదీ రెండు అన్నట్టే వాళ్ళు పన్నెండూ ఒకటి అంటారు. పిల్లాడు పదమూడు అంటున్నాడు. నాకు అందులో "ఒకటి" ఒక్కటే వినపడింది. ముందున్న పన్నెండు నా చెవికి పట్టలేదు.

అనాసపండు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను. ఆ పిల్లాడికి అప్పటికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. కనుక్కుంటే కూలికి దూరం వెళ్ళాడని చెప్పారు. మళ్ళీ కలవలేదు.

ఇక్కడ ఒక పెద్దాయన పేరు ఎత్తకుండా ఉండలేను, ఎందుకంటే ఆయన మన ఊరివాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29 వస్తే అందరూ ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలుచుకుంటారు. మంచిదే. కాని ఆయన మొట్టమొదట పర్లాకిమిడి బడిపంతులు. 1880లో ముప్పై రూపాయల జీతానికి రాజావారి స్కూల్లో చిన్న తరగతులకి చరిత్ర చెప్పడానికి చేరారు. కొండమీంచి వచ్చే సవరల భాష ఎవరికీ పట్టకపోతే, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. చెవి పోగొట్టుకున్న మనిషి ఒక భాష ధ్వనులకి వ్యాకరణం రాశాడు. నేనేమో రెండు చెవులూ ఉండి పదమూడు వినలేకపోయాను.

ఇంకో సంగతి. ఆయన వ్యావహారిక భాష పోరాటం కూడా తరగతి గదిలోంచే పుట్టింది. 1907 ప్రాంతంలో యేట్స్ అనే దొర ఉత్తర జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతుల పిల్లలు నోటితో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి ఎందుకుంది, పండితులు ఎందుకిలా చెబుతున్నారు అన్నది ఆయనకి అర్థం కాలేదు. ఆ ప్రశ్న గిడుగువారి దగ్గరికి వచ్చింది. పిల్లలు ఎందుకు తడబడుతున్నారు అని ఒకాయన అడగడం, పిల్లల్ని తప్పు పట్టకుండా పుస్తకాన్ని తప్పు పట్టే ధైర్యం ఇంకొకాయనకి ఉండటం, అక్కడ మొదలైంది అంతా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిశాక ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం మిగిలాం.

సరే, మీరు రేపు పొద్దున్న బడికెళ్ళి ఏం చేయాలి?

ఒక సింగిల్ రూల్ నోటుపుస్తకం కొనండి. దానికి నేను తప్పుల పుస్తకం అని పేరు పెట్టుకున్నాను. రోజుకి రెండు తప్పులు, అంతకంటే వద్దు. పిల్లాడు ఏం రాశాడో, ఏం అన్నాడో అచ్చం అలాగే రాసుకోండి, దిద్దకండి. కింద మీకు తోచిన కారణం రాయండి. మర్నాడు ఆ పిల్లనో పిల్లాణ్ణో అడిగి, వాళ్ళు చెప్పిన కారణం రాయండి. మొదటి రెండు నెలలు మీ ఊహ, వాళ్ళ మాట చాలాసార్లు కలవవు. నావైతే పదిలో రెండో మూడో కలిసేవి. ఏడాది తిరిగేసరికి సగానికి పైగా కలుస్తాయి. "ఆ గుణం నాలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది" అని అడిగారు కదా, ఆ కలిసే లెక్కే మీకు జవాబు. ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

అడిగే మాట ముఖ్యం. "ఎందుకిలా రాశావు?" అనకండి, తెలుగులోనూ ఒడియాలోనూ కూడా అది తిట్టులాగే వినిపిస్తుంది. "ఎలా వచ్చింది, నాకు చెప్పు" అనండి. అడిగాక ఆగండి. ఆగడం చాలా కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో తరగతి గదుల్ని గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారని తేల్చింది. రెండు భాషల మధ్య ఉన్న పిల్లలకి మూడు సెకన్లు కూడా చాలవు. ముందు ప్రశ్న ఇంటి భాషలోకి వెళ్ళాలి, జవాబు అక్కడ పుట్టాలి, తిరిగి బడి భాషలోకి రావాలి. నేను అడిగాక గోడమీద క్యాలెండర్ వైపు తిరిగి వారాల పేర్లు మనసులో అనుకునేవాణ్ణి, ఆదివారం నుంచి శనివారం దాకా. నా మొహం అటు ఉంటే వాళ్ళకి టెన్షన్ కూడా తగ్గుతుంది.

నోటుపుస్తకాలు దిద్దడంలో మాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారి పద్ధతి ఒకటి మీకు ఇస్తాను. ఆయన ఎర్ర ఇంటూలు పెట్టేవారు కాదు. లైను చివర చిన్నగా 2 అనో 1 అనో వేసేవారు. ఈ లైన్లో రెండు తప్పులున్నాయి, వెతుక్కో అని. వెతికి దొరక్కపోతే ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాలి. వెళ్తే ముందు పుస్తకం మూసి, "నువ్వు చదివి వినిపించు" అనేవారు. చదువుతుంటే సగం తప్పులు మాకే తెలిసేవి. మిగతా సగం దగ్గర ఆయనకి మా మీద ఆసక్తి కలిగేది. ఆయనకి ఒక్క అవార్డూ రాలేదు. అవార్డుకి ఫైలు తయారు చేసుకోవాలి, ఫోటోలు అతికించాలి, సంతకాలకి తిరగాలి. ఆయన ఆ టైంలో మా నోటుపుస్తకాలు చూసేవారు. అవార్డు వచ్చినవాళ్ళందరూ పనికిరానివాళ్ళని కాదు నా ఉద్దేశం, కాని ఆ రెండింటికీ చుట్టరికం తక్కువ.

మిగతా గుణాల గురించి గబగబా చెప్పేస్తాను. సబ్జెక్టు రావాలి, ఇందులో రాజీ లేదు. భిన్నాలు మీకే సరిగ్గా రాకపోతే పిల్లాడి తప్పుకి కారణం ఎక్కడ వెతుకుతారు? వచ్చే పాఠం ముందురోజు రాత్రి ఒక్కసారి చదువుకుంటే చాలు, మూడేళ్ళలో మొత్తం పట్టుబడుతుంది. తెలియనిది అడిగితే "నాకు తెలియదు, రేపు కనుక్కుని చెబుతాను" అనండి, మర్నాడు నిజంగానే చెప్పండి. చెప్పకపోతే ఆ మాటకి విలువ లేదు. కంఠం పెద్దగా లేకపోయినా ఫరవాలేదు, మెల్లగా మాట్లాడే టీచర్ క్లాసే నిశ్శబ్దంగా ఉంటుంది. సమభావం అంటే అందర్నీ ఒకేలా ప్రేమించడం అని నేను అనుకోను, అది మనుషులవల్ల కాదు. ఒడియా గడగడా మాట్లాడే నలుగురినే ప్రశ్నలు అడగడం మానండి, అది చాలు. వారం రోజులు ఎవరిని అడిగారో టిక్కులు పెట్టుకుని చూసుకోండి, సిగ్గుపడతారు. నేను పడ్డాను.

కొట్టడం గురించి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, శారీరక దండన, మానసిక వేధింపు రెండూ నిషేధం. "దెబ్బ లేకపోతే చదువు రాదు" అని తల్లిదండ్రులే మీ దగ్గరికొచ్చి చెబుతారు, బెత్తం కూడా వాళ్ళే తెస్తారు. తీసుకోకండి. చట్టం సంగతి అలా ఉంచండి, దెబ్బ తిన్న పిల్లాడు తన దారి మీకు చూపించడు, దాచుకుంటాడు. ఆ తర్వాత మీరు ఎంత ఆరా తీసినా దొరికేది మౌనమే.

మీరు అడగబోయేది నాకు తెలుసు. పాతికమందికి పైగా పిల్లలు, సిలబస్, రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎలక్షన్ డ్యూటీ, జనగణన, వీటి మధ్య ఇదంతా ఎక్కడ కుదురుతుంది? నిజమే, కుదరని రోజులే ఎక్కువ. అందుకే రెండు తప్పులు అన్నాను. ప్రతి తప్పుకీ వెనక గొప్ప తర్కం ఉంటుందని కూడా అనుకోకండి. ఒకసారి ఒక అమ్మాయి బోర్డు మీద 6 ఉంటే 8 రాసేది, 3 ఉంటే 8 రాసేది. నేను నెల రోజులు తప్పుల పుస్తకంలో పేజీలు నింపాను. చివరికి ఆ పిల్లకి బోర్డు కనబడటం లేదు. ముందు బెంచీలో కూర్చోబెడితే తప్పులు పోయాయి, తర్వాత కళ్ళజోడు వచ్చింది. జీడిపిక్కల రోజుల్లో కొండ పిల్లలు రెండు మూడు వారాలు బడికి రారు. ఆ వారాల్లో మీరు స్థానవిలువలు చెప్పి ఉంటే, జూలైలో వచ్చే తప్పుకి కారణం మార్చి రిజిస్టర్‌లో ఉంటుంది. ఆకలితో వచ్చిన పిల్లాడికి పదకొండు గంటలకి ఏ లెక్కా రాదు, భోజనం అయ్యాక అడగండి.

ప్రేమ ఉంటే చాలు అనే మాట కూడా తరచుగా వింటారు. నాకు ఆ కొండమీది పిల్లాడంటే ఇష్టమే. వాడికి నా డబ్బులతో పలక కొనిచ్చాను. ఆ ఇష్టం వాణ్ణి బళ్ళో నిలబెట్టలేదు.

ఇక సవర నేర్చుకోవాలా అన్నది. నేర్చుకోండి. పట్టా పుచ్చుకునేంత అక్కర్లేదు. 2007 నుంచి ఒడిశాలో కొన్ని బళ్ళలో సవర, కుయి లాంటి భాషల్లో మొదటి తరగతులు చెప్పడం మొదలుపెట్టారు, ఆ పుస్తకాలు మీ చుట్టుపక్కల బళ్ళ క్లస్టర్‌లో ఎక్కడైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, బీరువాల్లో పడి ఉంటాయి. వాటికంటే మంచి గురువు మీ బళ్ళో భోజనం వండే ఆవిడ. మీవైపు వండేవాళ్ళలో కొండవాళ్ళు ఉంటారు. వంట అయిపోయాక పది నిమిషాలు కూర్చుని ఆమె చేత పలికించుకోండి. పిల్లల్ని కూడా అడగండి. మాస్టారికి రానిది తమకి వచ్చని తెలిసిన రోజు సవర పిల్లలు కూర్చునే తీరే మారిపోతుంది, వెనక బెంచీ నుంచి ముందుకి జరుగుతారు. మీరు పలికేది విని నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళు మిమ్మల్ని దిద్దుతున్నారు.

చుట్టాల పేర్లు, ఒంటి భాగాలు, రా, కూర్చో, నొప్పిగా ఉందా, తిన్నావా, ఇవి మొదటి నెలలో వచ్చేస్తాయి. అంకెలు అడిగేటప్పుడు మాత్రం పది దగ్గర ఆపకండి. ఇరవై దాటేదాకా చెప్పించుకోండి.